అర్తింగు

కోకాపేట గుట్టమీద రాత్రి పది దాటింది.
వాన ఇప్పుడే తెరిపిచ్చింది.
యాభై అడుగుల గుంతల, బండరాళ్ల నడుమ
ఇరవై టన్నుల పొక్లెయిన్
తొండం నేలకానిచ్చి మొండికేసి కూసున్నది.

తాళం తిప్పితే టక్.
మళ్ల తిప్పితే టక్.
అంతే. దగ్గు గూడ లేదు.

"సెల్ఫ్ పోయింది, ఇంకేం చూస్తవ్" అన్నడు జైహింద్ రెడ్డి
గొడుగు కింద, తడవని బూట్లతోని.
పోయిన నెల కొత్త సెల్ఫ్ ఏసిండ్రట.
అంతకుముందు నెల కొత్త బ్యాటరీలు, జోడు.
ఆ పాతవి ఎవరు కొన్నరో, ఎంతకు కొన్నరో
నేను అడగలె.

ఆపరేటర్ బుధన్ ముండా, రాంచీకి అవతలి ఊరోడు,
ట్రాకు మీద కూసోని బీడీకట్ట ఆరబెట్టుకుంటున్నడు.
పొద్దుగాల నుంచి చెప్తనే ఉన్నడట:
లైట్లు గుడ్డిగైనయని,
హారన్ కొడితే వైపర్ కదిలిందని.
ఇన్నోళ్లు లేరు. ఈయన హిందీ వేరు, ఆయన తొందర వేరు.

హారన్ కొడితే వైపరు!
ఆ మాట కాడ నా చెవి ఆగింది.

టార్చి పండ్ల సందున పెట్టుకున్న.
బ్యాటరీల పెట్టె తెరిచిన.
పన్నెండున్నర, పన్నెండున్నర. కలిపితే ఇరవై ఐదు.
మీటరు అబద్ధమాడదు గని
అడగని సంగతి చెప్పదు.

సీటు కింద ఎలుక కొరికిన జాడ.
ఎర్రతీగె బయటపడ్డది, మీద ఎవరో చుట్టిన టేపు
ఎండలకు కారి బెల్లం పాకమైంది.
తప్పే. గని ఇయ్యాల్టి తప్పు అది కాదు.
బండికి ఒక్క రోగముండదు,
ఉన్నవాట్ల ఏది పండబెట్టిందో పట్టుకోవాలె.

ఆటోనగర్ల ఖలీల్ ఉస్తాద్ దగ్గర
ఆరేండ్లు పానాలందిచ్చినోన్ని.
కాలిన ఆల్టర్నేటర్ వాసన చూసి
తప్పు వానదా, నూనెదా, మనిషిదా చెప్పెటోడు.
నా చెంపమీద ఒకటిచ్చి నేర్పింది ఒక్కటే:
"పైలే అర్తింగ్ దేఖ్ రే, బాద్ మే సెల్ఫ్ కూ గాలీ దే."
కరెంటు పోయే తొవ్వ అందరు చూస్తరు,
తిరిగొచ్చే తొవ్వ ఎవడు చూడడు.

మీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద,
ఒక కాలు ఇంజిన్ ఒంటిమీద.
"బుధన్ భాయ్, మారో."
టక్.
పదకొండు వోల్టులు.
సున్నా ఉండాల్సిన కాడ పదకొండు.

కిందికి పాకిన. మెడ దాక బురద.
దొరికింది: రాగి అల్లిక పట్టీ, బొటనవేలంత బోల్టు,
పట్టీ కింద నిగనిగ పసుపురంగు.
కిరాయికి పంపేముందు బండి కొత్తగ కనపడాలని
రెడ్డి పెయింటేయించిండు.
పెయింటు పిల్లగాడు బుద్ధిమంతుడు,
బోల్టు విప్పి దాని కింద గూడ కొట్టిండు.

పొద్దంత మట్టినే తవ్వుతది ఇది.
కోకాపేట మట్టి, నార్సింగి మట్టి, పుప్పాలగూడ మొరం.
బకెటు పండ్లల్ల మట్టి, ట్రాకులల్ల మట్టి,
బుధన్ టిఫిన్ డబ్బల మట్టి.
దాని ఎర్తు దానికే తగుల్తలేదు,
కాగితమంత రంగు అడ్డం.

గరుకు కాగితంతోని గీకిన, ఇనుము తెల్లగ తేలేదాక.
ఇంత గ్రీజు. బోల్టు. ఇంకో సగం చుట్టు.
"మారో."

గుట్ట ఉలిక్కిపడ్డది.
నల్లపొగ, ఎనక తెల్లపొగ, ఎనక ఏం లేదు.
ఎదురుంగ నలభై అంతస్తులల్ల రెండు కిటికీలు వెలిగినయి,
నిద్ర చెడినోళ్లయి.

"గింతదానికి రెండు వేలా?" అన్నడు రెడ్డి.
ఫోన్ల వెయ్యి కొట్టిండు. మిగిలింది రేపట.
ఆ రేపు నాకు ఎరుకే.

బుధన్ ఒక బీడీ ఇచ్చిండు, సగం తడిది.
దసరాకు రైలు టికెట్టు దొరకలేదని చెప్పిండు, ఉట్టిగనే.
ఎనక క్యాబిన్లకెక్కి
హారన్ గట్టిగ, చానసేపు కొట్టిండు.

వైపరు కదల్లె.
అద్దం మీద బురద ఎట్లున్నది అట్లనే ఉన్నది.
దాన్నే చూస్కుంట
ఇద్దరం నవ్వినం.